రాగి పేరుకున్న కాలేయానికి పసుపు మందవుతుందా?



పన్నెండేళ్ళ పిల్లవాడికి కళ్ళు పచ్చబడ్డాయనుకోండి. తెలంగాణలో పసిరికలు అంటాం, కోస్తాలో పచ్చకామెర్లు అంటాం. పేరేదైనా, కబురు తెలిసిన సాయంత్రానికే ఇంటికి సలహాలు వచ్చేస్తాయి. ఫలానా ఊళ్ళో ఒక పెద్దాయన పసరు ఇస్తాడు, వెళ్ళి పోయించుకు రండి అంటారు. నేల ఉసిరి మొక్కను వేళ్ళతో సహా పీకి, కడిగి, నూరి, పరగడుపున మజ్జిగలో కలిపి తాగిస్తారు. నూనె బందు, కారం బందు, మాంసం బందు. రెండు మూడు వారాలకు కళ్ళు తేటపడతాయి. పిల్లవాడు అన్నం అడుగుతాడు. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు.

పిల్లలకు వచ్చే కామెర్లలో చాలా భాగం హెపటైటిస్ ఎ వంటి వైరస్‌ల వల్ల, కలుషితమైన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వచ్చేవి. ఎక్కువమంది పిల్లల్లో అవి వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. తగ్గిన ప్రతిసారీ ఆ మంచిపేరు పసరుకే పోతుంది. ఆ పేరు విని వెళ్ళే పిల్లల్లో ఏ కొందరికో ఒంట్లో వైరసే ఉండదు. వాళ్ళ కాలేయంలో పుట్టిన దగ్గర నుంచీ రాగి పేరుకుంటూ వస్తోంది. దాన్ని విల్సన్ వ్యాధి అంటారు. అది తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వస్తుంది. ఇలాంటి జబ్బుకు మొక్కల నుంచి తీసిన పదార్థాలు మందుగా పనికొస్తాయా, వస్తే ఎంతవరకు అన్నది ఈ రోజు మాట్లాడుకుందాం.

రాగి మన శరీరానికి కావలసిన లోహమే. పప్పుల్లో, గింజల్లో, మాంసంలో రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది. అవసరమైనంత వాడుకుని, మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. మలంతో బయటికి పోతుంది. మిగులు రాగిని ఇలా పైత్యరసంలోకి తోసే పని కాలేయ కణాల్లో ఒకే ఒక ప్రొటీన్ చేస్తుంది. దాని పేరు ఏటీపీ7బీ. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పదమూడో క్రోమోజోమ్ మీద ఉందని 1993లో కనుక్కున్నారు. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి, రెండూ చెడితే రాగి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కాలేయం కొన్నేళ్ళపాటు మోస్తుంది. మోయలేని రోజు వచ్చినప్పుడు రాగి రక్తంలోకి పొంగి, మెదడుకు, కళ్ళకు, మూత్రపిండాలకు చేరుతుంది.

ఈ జబ్బును 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ అనే నరాల వైద్యుడు వివరంగా రాశాడు. చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, వీటితోపాటు కాలేయం గట్టిపడి ఉండటం ఆయన గమనించాడు. ఒకే కుటుంబంలో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు వస్తోందనీ చూశాడు. దానికి కారణం రాగి అని గట్టిగా తేలడానికి ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది.

ఈ జబ్బుకు ఒక గుర్తు కంట్లో ఉంటుంది. నల్లగుడ్డు అంచు చుట్టూ, తెల్లగుడ్డుతో కలిసేచోట, బంగారు రంగుకూ ఆకుపచ్చకూ మధ్యగా ఒక సన్నని వలయం. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే జర్మన్ కంటి వైద్యులు దాన్ని వర్ణించారు. నీలికళ్ళ యూరోపియన్లలో అది మామూలు చూపుకే కనిపించవచ్చు. మన నల్లకళ్ళ పిల్లల్లో అలా కనిపించదు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, సన్నని వెలుగు గీతను కంటి అంచుమీదికి జరిపినప్పుడు, ఆ వలయం ముందు పైభాగంలో, తర్వాత కింద, చివరికి చుట్టూ కనిపిస్తుంది. నల్లగుడ్డు పైన ఉండే పారదర్శకమైన పొరకు అడుగున, లోపలి అంచులో పేరుకున్న రాగి అది. కాలేయ జబ్బుతో మాత్రమే వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ వలయం ఇంకా ఏర్పడి ఉండదు. కాబట్టి వలయం లేదంటే జబ్బు లేదని కాదు. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ ఎంత ఉందో చూడాలి, ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి అందులో రాగి ఎంత పోతోందో చూడాలి.

ప్రపంచంలో సుమారు ముప్పై వేలమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. మేనరికాలు ఉన్న సమాజాల్లో ఇలాంటి జబ్బుల గురించి ఎక్కువ జాగ్రత్త అవసరం. మేనమామను గాని మేనబావను గాని చేసుకున్నప్పుడు, ఒకే తాత దగ్గర నుంచి వచ్చిన చెడిన జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మా పెళ్ళి వల్లే పిల్లవాడికి ఈ గతి పట్టిందా అని తల్లిదండ్రులు కుమిలిపోతారు. బంధుత్వమే లేని దంపతుల పిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు.

సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, జన్యువుల ద్వారా వచ్చే కాలేయ జబ్బుల్లో మందు ఉన్న జబ్బు ఇది. ఆ మందు ఎక్కడి నుంచి వచ్చిందో వింటే, ప్రకృతిలో దొరికే పదార్థం మందుగా ఎలా మారుతుందో అర్థమవుతుంది. ఇంగ్లాండుకు చెందిన జాన్ వాల్ష్ అనే వైద్యుడు, పెనిసిలిన్ తీసుకుంటున్న కాలేయ రోగుల మూత్రంలో పెనిసిలమైన్ అనే పదార్థాన్ని గుర్తించాడు. పెనిసిలిన్ విరిగినప్పుడు వచ్చే ముక్క అది. కొన్నేళ్ళ తర్వాత అమెరికాలో బోస్టన్‌లో ఉండగా ఒక విల్సన్ రోగిని చూసినప్పుడు, ఆ పదార్థం నిర్మాణాన్ని బట్టి అది రాగిని పట్టుకుని మూత్రంలోకి లాగగలదని ఆయనకు తట్టింది. 1956లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంతవరకు ఇంజెక్షన్లతో నెట్టుకొస్తున్న రోగులకు నోటితో మింగే మందు దొరికింది. పెనిసిలిన్‌కు మూలం బూజు. బూజు ముద్దను నాకిస్తే విల్సన్ వ్యాధి తగ్గదు. అందులోని పెనిసిలిన్‌ను వేరుచేసి, అది ఒంట్లో ఎలా విరుగుతుందో చూసి, ఎంత ఇవ్వాలో తేల్చి, దాని చెడు ప్రభావాలను లెక్కగట్టిన తర్వాతే అది మందయింది.

తర్వాత ట్రైయెంటిన్ అనే మందు వచ్చింది. జింక్ కూడా వచ్చింది. జింక్ పనిచేసే తీరు నాకు చాలా ఇష్టం. అది పేగు గోడలోని కణాల చేత మెటల్లోథయోనిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేయిస్తుంది. తిండిలోని రాగి లోపలికి రాబోతుంటే ఆ ప్రొటీన్ దాన్ని పట్టి కణంలోనే ఉంచేస్తుంది. పేగు కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోతుంటాయి కదా, రాలిన కణంతో రాగి కూడా బయటికి పోతుంది. ఖాళీ కడుపున వేసుకోవాలి, కొందరికి వికారం పెడుతుంది. అయినా జీవితాంతం వాడగలిగిన మందు. వ్యాధి ముదరకముందే మొదలుపెట్టి మానకుండా వాడిన పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కంటారు.

ఇక పసుపు సంగతి. అమ్మలు, నాయనమ్మలు అడిగే ప్రశ్న ఇదే: "డాక్టరు గారూ, పొద్దున్నా సాయంత్రం పసుపు పాలు ఇస్తే ఈ మాత్రలు తగ్గించొచ్చా?" ఇది కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. దీని వెనుక నిజమైన పరిశోధన ఒకటి ఉంది.

విల్సన్ వ్యాధిలో జన్యువు రకరకాలుగా చెడుతుంది. ఐదు వందలకు పైగా మార్పులు ఇప్పటికే నమోదయ్యాయి. వాటిలో చాలావాటిలో ప్రొటీన్ తయారవుతుంది గాని సరిగ్గా మడతపడదు. మడత చెడ్డ ప్రొటీన్‌ను కణం తనంతట తానే గుర్తించి విరగ్గొట్టేస్తుంది. నిజానికి దానికి కొంత పనిచేసే సత్తా ఉండి కూడా పనిచేసేచోటికి చేరదు. నెదర్లాండ్స్‌లోని శాస్త్రవేత్తలు 2009లో 'హెపటాలజీ' అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇలాంటి మార్పులున్న ఏటీపీ7బీ ప్రొటీన్‌ను కణాల్లో ప్రవేశపెట్టి, ఆ కణాలకు ఫినైల్‌బ్యూటిరేట్ అనే రసాయనాన్ని, పసుపులోని కర్క్యుమిన్‌ను ఇచ్చి చూశారు. చాలా రకాల మార్పుల్లో ప్రొటీన్ పరిమాణం కొంతమేరకు పెరిగింది. ఇన్నాళ్ళూ ఒంట్లో చేరిన రాగిని బయటికి లాగే మందులు, తిండిలోని రాగిని లోపలికి రాకుండా ఆపే మందులే మన దగ్గర ఉన్నాయి. చెడిన ప్రొటీన్‌నే నిలబెట్టవచ్చన్న ఆశను, అదీ మన దుగ్గిరాల యార్డులో, నిజామాబాద్ మార్కెట్లో గుట్టలుగా పోసే పసుపు కొమ్ములోని పదార్థంతో, ఈ పరిశోధన ఇచ్చింది.

అయితే అది గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో జరిగిన ప్రయోగం. పళ్ళెంలోని కణం మీద కర్క్యుమిన్‌ను నేరుగా పోస్తాం. మనిషి విషయంలో అది నోటి నుంచి కాలేయ కణం దాకా ప్రయాణించాలి. ఎండు పసుపులో కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు నాలుగు పాళ్ళు. అది నీటిలో కరగదు, పేగు దాటి సరిగ్గా లోపలికి రాదు, వచ్చిన కాస్తను పేగు గోడ, కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తాయి. శుద్ధి చేసిన కర్క్యుమిన్‌నే రోజుకు ఎనిమిది గ్రాములు మింగించి చూసిన అధ్యయనాల్లో కూడా రక్తంలో కనిపించింది చాలా తక్కువ. పళ్ళెంలో పనిచేసిన మోతాదు గ్లాసుడు పాలలో వేసే అర చెంచా పసుపుతో అందదు.

ఇంకో అడ్డంకి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మన దేశంలో జరిగిన పలు అధ్యయనాల్లో తరచుగా కనిపించిన మార్పు ఒకటి ఉంది. దాన్ని సి271ఎక్స్ అంటారు. ఆ మార్పు ఉన్నప్పుడు ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. పద్నాలుగు వందలకు పైగా అమైనో ఆమ్లాలు ఉండాల్సినచోట మూడు వందలు కూడా పూర్తికావు. మడత సరిచేయడానికి అక్కడ ప్రొటీనే లేదు. ఇలాంటి పిల్లలకు మడత సరిచేసే పదార్థం ఎంత గొప్పదైనా చేయగలిగింది ఉండదు. పసుపు అందరికీ మంచిదే కదా అనే మాట ఇక్కడ చెల్లదు. ఏ బిడ్డలో ఏ మార్పు ఉందో జన్యు పరీక్షలో తెలిసిన తర్వాతే, ఎవరికి ఉపయోగపడవచ్చో చెప్పగలం.

మిరియాలు కలిపితే సరి అని కొందరంటారు. అందులోనూ నిజం ఉంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్‌ను కర్క్యుమిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరేది అనేక రెట్లు పెరిగిందని చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతటా పసుపు-మిరియాల మాత్రల వ్యాపారం పెరిగింది. పైపెరిన్ అలా చేయగలగడానికి ఒక కారణం, కాలేయం, పేగు పరాయి పదార్థాలను వదిలించుకునే పద్ధతిని అది అడ్డుకోవడమే. పసుపు మాత్రల చెడు ఫలితం అమెరికాలో మందుల వల్ల కలిగే కాలేయ హానిని నమోదుచేసే వైద్యుల బృందానికి కనిపించింది. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న పదిమంది గురించి వాళ్ళు 2023లో రాశారు. వాళ్ళలో కొందరు వాడిన మాత్రల్లో మిరియాలు ఉన్నాయి. ఒకరు చనిపోయారు. చాలామందిలో ఒకే రకమైన రోగనిరోధక జన్యువు ఉంది. కూరలో వేసే పసుపుకు దీంతో సంబంధం లేదు, నిశ్చింతగా వాడుకోండి. గుళికల్లో గాఢంగా వచ్చే పసుపు వేరు. అప్పటికే రాగితో నలిగిపోయిన కాలేయానికి దాన్ని మన చేతులారా అందించడం నాకు భయంగా అనిపిస్తుంది.

నేల ఉసిరిని కూడా పక్కన పెట్టడం న్యాయం కాదు. 1988లో మద్రాసులో త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లుంబర్గ్, వాళ్ళ సహచరులు కలిసి 'లాన్సెట్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ వైరస్ ఒంట్లో ఉన్నవాళ్ళకు నేల ఉసిరి పొడి నెలరోజులు ఇస్తే, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది. ఉత్త మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఎంత ఆశ కలిగించే లెక్కో చూడండి. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఒక మొక్క గురించి మొదట వచ్చిన మంచి వార్తను మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూడాలనడానికి మన పక్క రాష్ట్రంలోనే జరిగిన ఉదాహరణ ఇది. పైగా అది వైరస్ సంగతి. రాగిని బయటికి పంపే శక్తి నేల ఉసిరికి ఉందని ఎవరూ చూపించలేదు.

మూలికా మందుల్లో ఇంకొక ప్రమాదం ఉంది. విల్సన్ రోగులు దీన్ని ముఖ్యంగా వినాలి. కాలేయానికి మంచిదని పేరున్న ఆరోగ్యవర్ధని అనే సంప్రదాయ ఔషధంలో కటుకరోహిణి అనే మూలిక ఎక్కువ పాలు ఉంటుంది. దాంతోపాటు తామ్ర భస్మం కూడా ఉంటుంది. తామ్ర భస్మం అంటే రాగి నుంచి చేసిన భస్మం. రాగి బయటికి పోక కాలేయం చెడుతున్న మనిషికి, కాలేయం బాగుపడాలనే మంచి మనసుతో, మళ్ళీ రాగినే ఇచ్చినట్టవుతుంది. మొక్కల మందే కదా, ఏమవుతుందిలే అనుకుని తీసుకోకండి. ఏ మందు తీసుకున్నా అందులో ఏమేమున్నాయో రాయించుకుని మీ డాక్టరుకు చూపించండి. రాగి చెంబులో రాత్రంతా నిలవ ఉంచిన నీళ్ళు కూడా ఈ జబ్బు ఉన్నవాళ్ళు తాగకూడదు.

పాత్రల నుంచి వచ్చే రాగి పిల్లల కాలేయాన్ని ఎంతగా దెబ్బతీయగలదో మన దేశమే ఒకప్పుడు చూసింది. ఒకటి రెండేళ్ళ పిల్లలు పొట్ట ఉబ్బి, కాలేయం రాయిలా గట్టిపడి చనిపోయేవాళ్ళు. ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అని దానికి పేరు. పుణే వైద్యులు, ఇంగ్లాండు నుంచి వచ్చిన టానర్ అనే వైద్యుడు కలిసి 1980ల మొదట్లో ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళి, పాలు కాచే పాత్రలు చూశారు. కళాయి అరిగిపోయిన ఇత్తడి గిన్నెలు. లోపల తెల్లగా మెరవాల్సిన తగరం పూత పోయి, అడుగున పసుపురంగు లోహం బయటపడి ఉండేది. అందులో ఆవు పాలో గేదె పాలో కాచి నిలవ ఉంచితే, పాలలోని ప్రొటీన్ రాగిని పట్టుకునేది. గిన్నెలు మారాక ఆ జబ్బు దాదాపు మాయమైంది. ఆస్ట్రియాలోని టిరోల్ లోయల్లోనూ ఇదే జరిగింది. 1900కు, 1974కు మధ్య అక్కడ 138 మంది పసివాళ్ళు ఇలాంటి సిర్రోసిస్‌తో పోయారని 1996లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. కుటుంబాల చరిత్ర చూస్తే జన్యు కారణం ఉన్నట్టు కనిపించింది. కానీ పూత లేని రాగి పాత్రలు వాడటం మానేయగానే జబ్బు కనిపించకుండా పోయింది. జన్యువు మారలేదు, గిన్నె మారింది.

అంటే జన్యువుల ద్వారా వచ్చే జబ్బులో కూడా మనం తినేదానికీ తాగేదానికీ బలం ఉంది. ఐరోపావాళ్ళలో ఎక్కువగా కనిపించే హీమోక్రొమటోసిస్ అనే జబ్బులో రాగికి బదులు ఇనుము పేరుకుంటుంది. ఆ రోగులు భోజనంతోపాటు టీ తాగితే, తేయాకులోని పదార్థాలు ఇనుమును పట్టుకుని పేగుల్లోనే ఆపుతాయనీ, ఒంట్లో ఇనుము చేరడం కాస్త నెమ్మదిస్తుందనీ 1998లో జర్మనీలో చూపించారు. అక్కడ కూడా రక్తం తీయడమనే అసలు చికిత్స ఆగలేదు. టీ దానికి తోడుగా నిలిచింది. మొక్కల పదార్థాలకు నేను ఇచ్చే స్థానం ఇదే.

పసుపు మన పంట, మన వైద్యంలో వేల ఏళ్ళుగా ఉన్న వస్తువు. కాబట్టి మడత చెడిన ప్రొటీన్ ఉన్న విల్సన్ రోగుల్లో, జింక్‌కో పెనిసిలమైన్‌కో తోడుగా కర్క్యుమిన్ ఇచ్చి చూసే పరీక్ష మన దేశంలో జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. ముందు జన్యు పరీక్ష చేసి, ప్రయోజనం ఉండగల వాళ్ళనే ఎంచుకుని, కాలేయాన్ని నెలనెలా కనిపెడుతూ చేయాలి. అలాంటి పరీక్ష జరిగి ఫలితం వచ్చేవరకు, ఈ జబ్బుకు వైద్యులు పాటించే మార్గదర్శకాల్లో కర్క్యుమిన్‌కు చోటు లేదు, ఉండకూడదు కూడా.

మాత్రలు వేసుకుంటున్న పిల్లలు బాగుంటారు. బాగున్నప్పుడే మానేయాలనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ యువకుడు, హాస్టల్లో ఉన్నవాడు, పెళ్ళి సంబంధం కుదరబోతున్న అమ్మాయి, వీళ్ళు నాలుగు నెలలు ఆపి చూద్దామనుకుంటారు. ఏమీ కాలేదనుకుంటారు. రాగి మాత్రం లోపల చేరుతూనే ఉంటుంది. అలా మానేసినవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళలోనే కాలేయం విఫలమై చనిపోయిన సంగతిని వాల్ష్ 1986లోనే రాసి హెచ్చరించాడు. ఆ దశలో కాలేయ మార్పిడి ఒక్కటే దారి అవుతుంది. గర్భంతో ఉన్న స్త్రీలు కూడా మందు మానకూడదు, మోతాదు డాక్టరు సరిచేస్తారు.

కామెర్లు వచ్చిన పిల్లవాడికి మూడు వారాలు దాటినా కళ్ళు తేటపడకపోతే, హిమోగ్లోబిన్ తగ్గిపోయి ఒళ్ళు పాలిపోతే, ఇదివరకు కామెర్లు వచ్చి తగ్గి మళ్ళీ వస్తే, స్కూల్లో చేతిరాత ఉన్నట్టుండి చెడితే, మాట నత్తిగా మారితే, పసరు కోసం ఇంకో వారం ఆగకండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరును కలిసి, విల్సన్ వ్యాధి ఉందేమో చూడమని మీరే అడగండి. కంటి డాక్టరు చేత స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించండి. జబ్బు ఉందని తేలితే, ఇంట్లో ఆడుకుంటున్న తమ్ముడినీ చెల్లెలినీ కూడా అదే వారంలో తీసుకువెళ్ళి రక్త పరీక్ష చేయించండి. వాళ్ళకు ఇంకా ఏ బాధా ఉండదు. మందు బాగా పనిచేసేది అప్పుడే.